బ్యాలెన్స్‌డ్ పక్కన ఏ మాట నిలుస్తుంది?

ప్రియమైన అమ్మాయికి,

నీ ఇంగ్లీషు వ్యాసం చదివాను. ఆలోచన గట్టిగా ఉంది, చెప్పదలచుకున్నది భయపడకుండా చెప్పావు. ఒక్క విషయం మాత్రం విడిగా రాయాలనిపించింది. ‘బ్యాలెన్స్‌డ్’ అనే మాట నీకు బాగా నచ్చినట్టుంది. తిండికీ అదే, నిద్రకీ అదే, మీ టీచర్ స్వభావానికీ అదే, చివరికి బడ్జెట్‌కీ అదే. కొన్నిచోట్ల చక్కగా అమరింది. మరికొన్నిచోట్ల వ్యాకరణం తప్పు లేదు, స్పెల్లింగ్ తప్పు లేదు, అయినా ఇంగ్లీషు బాగా చదివే అలవాటున్నవాళ్లు ఆ వాక్యం దగ్గర ఆగిపోతారు. ఎందుకు ఆగుతారో చెబుతాను. ఈ ఒక్క మాట దగ్గర ఆ సంగతి పట్టుకుంటే, ఇలాంటి వందల మాటల దగ్గర నీకు నువ్వే పట్టుకోగలవు.

ముందు మన భాషలోనే చూడు. ఆకలి వేస్తుంది, దాహం వేస్తుంది, భయం వేస్తుంది, జాలి వేస్తుంది. నిద్ర మాత్రం వస్తుంది, కోపం కూడా వస్తుంది. ‘నిద్ర వేస్తోంది’ అని ఎవరైనా అంటే అర్థమవుతుంది, కానీ ఆ మనిషికి తెలుగు కొత్తని తెలిసిపోతుంది. ఈ పొత్తులు మనకెవరూ పాఠంగా చెప్పలేదు, వింటూ పెరిగాం కాబట్టి వచ్చేశాయి. ఇంగ్లీషులో ఇలాంటి పొత్తును కలోకేషన్ అంటారు. ఒక మాట అర్థం దాని చుట్టూ తిరిగే మాటలను బట్టి తెలుస్తుందని జె. ఆర్. ఫర్త్ అనే ఇంగ్లండ్ భాషావేత్త 1957లో రాశాడు. నిఘంటువు ముందు పెట్టుకుని కూర్చునే నీ తరం రచయితలు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. నిఘంటువు మాటకు అర్థం ఇస్తుంది, దాని స్నేహితులెవరో చాలాసార్లు చెప్పదు.

ఇక మన ‘బ్యాలెన్స్‌డ్’ సంగతి. దీని మూలం లాటిన్‌లోని ‘బిలాంక్స్’. బి అంటే రెండు, లాంక్స్ అంటే పళ్లెం. రెండు పళ్లేల త్రాసు అన్నమాట. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఆ రెండు పళ్లేలు ఈ మాటలో నుంచి పోలేదు. అందుకే ‘బ్యాలెన్స్‌డ్’ అని రాసే ప్రతిసారీ నిన్ను నువ్వు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏది దేనితో తూగుతోంది? పక్కనున్న నామవాచకం దానికి జవాబు చెప్పగలిగితే మాట నిలుస్తుంది. చెప్పలేకపోతే నిలవదు.

డైట్ చెప్పగలదు. పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, విటమిన్లు, ఖనిజాలు ఒకదానితో ఒకటి సరైన పాళ్లలో ఉండటమే బ్యాలెన్స్‌డ్ డైట్. బ్యాలెన్స్‌డ్ మీల్ అన్నా సరే. కానీ నువ్వు ‘బ్యాలెన్స్‌డ్ ఫుడ్’ అని రాశావు. మనవాళ్లు మాటల్లో అంటూనే ఉంటారు, అర్థమూ అవుతుంది. అయితే ఇంగ్లీషులో డైట్ అంటే రోజుల తరబడి తినే తీరు, మీల్ అంటే ఒక పూట అమరిక. రెండింటిలోనూ పాళ్లున్నాయి. ఫుడ్ అంటే ఉత్త పదార్థం, అందులో అమరిక లేదు. ‘బ్యాలెన్స్‌డ్ స్లీప్’ సంగతి ఇంకా కష్టం. నిద్ర దేనితో తూగాలి? నువ్వు చెప్పాలనుకున్నది వేళకు నిద్రపోవడం గురించి. అప్పుడు రెగ్యులర్ స్లీప్ అను. నిద్రకూ పనికీ మధ్య పొంతన గురించైతే ఆ రెండింటినీ వాక్యంలోకి తీసుకురా.

బడ్జెట్ దగ్గర పొరపాటు కొంచెం పెద్దది, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను. ‘వెరీ బ్యాలెన్స్‌డ్ బడ్జెట్’ అన్నావు. అన్ని శాఖలకూ న్యాయంగా డబ్బు పంచారని నీ ఉద్దేశం. ఇంగ్లీషులో బ్యాలెన్స్‌డ్ బడ్జెట్ మెచ్చుకోలు మాట కాదు, లెక్క. ప్రభుత్వ ఖర్చు ఆదాయాన్ని మించకపోతే అది బ్యాలెన్స్‌డ్, మించితే కాదు. అమెరికాలో 1997లో చేసిన ఒక చట్టం పేరే బ్యాలెన్స్‌డ్ బడ్జెట్ యాక్ట్. 1969 తర్వాత అక్కడి కేంద్ర ప్రభుత్వానికి మళ్లీ మిగులు కనిపించింది 1998 నుంచి 2001 దాకానే. ఆ నాలుగేళ్లలో డబ్బు అందరికీ న్యాయంగా అందిందా లేదా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. ఒక బడ్జెట్ బ్యాలెన్స్‌డ్‌గా ఉంటూనే పేదవాడికి అన్యాయం చేయవచ్చు. నీ వాక్యం చదివినవాడు లోటు లేదని అర్థం చేసుకుంటాడు, నువ్వు చెప్పదలచుకున్న న్యాయం అతనికి చేరనే చేరదు. అక్కడ ఫెయిర్ అనే మాట వాడు, లేదా ఏ శాఖకు ఎంత ఇచ్చారో చెప్పు.

రసాయనశాస్త్రంలో బ్యాలెన్స్‌డ్ ఈక్వేషన్ కూడా ఇదే కోవలోది. రెండు హైడ్రోజన్ అణువులూ ఒక ఆక్సిజన్ అణువూ కలిస్తే రెండు నీటి అణువులు. ఒక్కో మూలకానికి ఎడమవైపు ఎన్ని పరమాణువులున్నాయో కుడివైపూ అన్నే ఉండాలి. ఉన్నాయా లేవా, అంతే. కంప్యూటర్ వాళ్లు సమాచారాన్ని చెట్టు కొమ్మల్లా అమర్చే పద్ధతుల్లో ఒకదాన్ని బ్యాలెన్స్‌డ్ ట్రీ అంటారు. అలాంటిదే, 1962లో వచ్చిన ఏవీఎల్ ట్రీలో ఏ కణుపు దగ్గరైనా రెండు కొమ్మల ఎత్తుల మధ్య తేడా ఒకటికి మించకూడదు. ఇలాంటి చోట్ల వెరీ, మోర్ లాంటి మాటలు ఇమడవు. వ్యూ, అప్రోచ్, డైట్ లాంటి వాటి పక్కన మాత్రం ‘మోర్ బ్యాలెన్స్‌డ్’ హాయిగా నడుస్తుంది, ఎందుకంటే అక్కడున్నది లెక్క కాదు, పాళ్లు. ఇది గుర్తుంటే సగం తప్పులు రావు.

అభిప్రాయాలు, వార్తల దగ్గర ఈ మాటకు మంచి చుట్టాలున్నారు: వ్యూ, అకౌంట్, అసెస్‌మెంట్, రిపోర్ట్, కవరేజ్, అప్రోచ్. వీటి వెంట వచ్చే క్రియలను కూడా జతగా నేర్చుకో. వ్యూని టేక్ చేస్తారు లేదా ప్రెజెంట్ చేస్తారు, అకౌంట్‌ని గివ్ చేస్తారు, అప్రోచ్‌ని టేక్ లేదా అడాప్ట్ చేస్తారు. అమెరికాలోని ఫాక్స్ న్యూస్ అనే వార్తా చానెల్ 1996లో మొదలైనప్పటి నుంచి 2017 దాకా ‘ఫెయిర్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అన్నది దాని నినాదం. ఆ రెండు మాటలూ ఆ వరుసలోనే చెవికి అలవాటయ్యాయి, తిరగేస్తే కృతకంగా ఉంటుంది. అయితే వ్యాసాలు రాసేదానివి కాబట్టి ఒక హెచ్చరిక. బ్యాలెన్స్‌డ్ కవరేజ్ అంటే రెండు పక్షాలకూ చెరిసగం చోటివ్వడం అనుకోకు. వాతావరణ మార్పు మీద దాదాపు శాస్త్రవేత్తలంతా ఒక మాట మీదుంటే, కాదనే ఒక్కరికి సమానంగా చోటివ్వడం చదివేవాళ్లను తప్పుదారి పట్టించడమే. దానికి ఇంగ్లీషులో ‘ఫాల్స్ బ్యాలెన్స్’ అనే పేరే ఉంది. పళ్లెంలో వేసేదానికి బరువుందా లేదా చూడటం నీ బాధ్యత.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఈ మాటకు ముందు వచ్చే క్రియావిశేషణాలు. మనవాళ్లు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే. ‘ఫైన్లీ బ్యాలెన్స్‌డ్ డైట్’ అని రాశావు. ఫైన్ అంటే మంచిదే కదా, మంచిగా తూగిన ఆహారం అనుకున్నావు. కానీ ఫైన్లీ బ్యాలెన్స్‌డ్ అంటే సాధారణంగా వెంట్రుకవాసి తేడాతో ఎటైనా మొగ్గవచ్చు అని. కోర్టులో కేసు ఫైన్లీ బ్యాలెన్స్‌డ్‌గా ఉందంటే తీర్పు ఎటు వస్తుందో చెప్పలేమని. పోటీ, ఎన్నిక, నిర్ణయం, వాదన, వీటి పక్కన అది ప్రాణం పోసుకుంటుంది. డెలికేట్లీ బ్యాలెన్స్‌డ్ దానికి దగ్గరిదే, కానీ అందులో చెదిరిపోతుందేమోనన్న భయం ఎక్కువ. అడవిలోని జీవావరణం, రెండు దేశాల మధ్య చర్చలు అలా ఉంటాయి. ఈవెన్లీ బ్యాలెన్స్‌డ్ అంటే రెండు పక్షాల బలం సమానం, అందులో టెన్షన్ లేదు. ప్రికేరియస్లీ బ్యాలెన్స్‌డ్ అంటే ఇప్పుడో ఇంకాసేపట్లోనో పడిపోయేలా ఉంది, గోడ అంచున పెట్టిన గాజుగ్లాసుకు సరిపోతుంది. ఇక డైట్‌కూ మీల్‌కూ సరైన తోడు వెల్. వెల్-బ్యాలెన్స్‌డ్ అన్నప్పుడే మెచ్చుకోలు వస్తుంది.

చూశావా, త్రాసు ఒకటే. నిలకడగా ఉందా, వణుకుతోందా, పడబోతోందా అన్నది ముందున్న చిన్న మాట చెబుతోంది. ‘వెరీ’ అని రాసినప్పుడల్లా నువ్వు ఈ తేడాలన్నీ వదులుకుంటున్నావు. అది నాకు నిజంగా బాధగా ఉంది, ఎందుకంటే నీ చూపులో ఆ తేడాలున్నాయి, నీ వాక్యంలోకి రావడం లేదు.

మనుషుల విషయంలో జాగ్రత్త. మనం తెలుగులో ‘ఆయన చాలా బ్యాలెన్స్‌డ్’ అంటే అందరికీ తెలుస్తుంది. ఇంగ్లీషులో ‘వెల్-బ్యాలెన్స్‌డ్ పర్సన్’ అనవచ్చు, కానీ మీ టీచర్ గురించి నువ్వు వర్ణించింది చూస్తే లెవెల్-హెడెడ్ అన్నది ఇంకా సరిపోతుంది. కంగారుపడకుండా ఆలోచించే మనిషి కదా ఆవిడ. కోపం రాని స్వభావం గురించైతే ఈవెన్-టెంపర్డ్. దీనికి వ్యతిరేకం రాయాల్సి వస్తే మాత్రం ‘అన్‌బ్యాలెన్స్‌డ్’ అని మనిషి మీద వాడకు. డైట్‌కైతే అది మామూలు మాట, మనిషికైతే మతి స్థిమితం లేదన్న అర్థం వస్తుంది, అది గాయపరుస్తుంది. ‘ఇంబ్యాలెన్స్‌డ్’ అనేది ఎక్కువగా డేటా, హార్మోన్ల లాంటి వాటి దగ్గర కనిపిస్తుంది.

‘బ్యాలెన్స్ వర్క్ రేపు పూర్తి చేస్తాను’ అని నీ ఉత్తరంలో రాశావు. మన దేశపు ఇంగ్లీషులో ఇది ఎంత సహజమో నాకు తెలుసు. బయటి పాఠకులకు రాసేటప్పుడు రిమైనింగ్ వర్క్ అను.

నేర్చుకునే దారి ఒకటి చెబుతాను. నోట్‌బుక్‌లో ఒంటరి మాటలు రాసుకోవడం మానెయ్. క్రియ, విశేషణం, నామవాచకం కలిపి మొత్తం గుంపును రాసుకో: ‘టేక్ ఎ బ్యాలెన్స్‌డ్ వ్యూ’, ‘ఫైన్లీ బ్యాలెన్స్‌డ్ డెసిషన్’. కింద నువ్వు చదివిన అసలు వాక్యం రాయి. అనుమానం వస్తే కార్పస్‌లో, అంటే జనం నిజంగా రాసిన, మాట్లాడిన వాక్యాలను పోగుచేసిన భండారంలో వెతుకు. కోకా అని పిలిచే అమెరికన్ ఇంగ్లీషు కార్పస్‌లో 1990 నుంచి 2019 దాకా పత్రికలు, నవలలు, టీవీ మాటల నుంచి సేకరించిన వంద కోట్లకు పైగా పదాలున్నాయి. బ్రిటిష్ నేషనల్ కార్పస్‌లో పది కోట్లు. ‘బ్యాలెన్స్‌డ్’ అని కొట్టి కుడివైపు ఏ నామవాచకాలు వస్తున్నాయో, ఎడమవైపు ఏ క్రియావిశేషణాలు వస్తున్నాయో చూడు. నీ జత అక్కడ కనిపించకపోతే వెంటనే కొట్టెయ్యాలని కాదు. కావాలనే కొత్త జత కట్టావా, తెలియక కట్టావా అని ఆలోచించుకో. కావాలని కట్టిన జతను నేనెప్పుడూ కాదనను.

చివరగా హైఫన్ సంగతి. నామవాచకానికి ముందు వస్తే వెల్ పక్కన హైఫన్ పెట్టు, క్రియ తర్వాత వస్తే చాలా పత్రికలు తీసేస్తాయి. ఎల్‌వైతో ముగిసే ఫైన్లీ, ఈవెన్లీ లాంటి వాటి పక్కన ఎక్కడొచ్చినా హైఫన్ వద్దు. నీ రెండో పేజీలో మూడు చోట్ల ఉంది, తీసేసి పంపించు.

ఆశీస్సులతో