క్రిస్మస్‌కు కుక్కపిల్లను తేవడం గురించి

డిసెంబరు 24 నాటికి ఆరు వారాలు నిండే కుక్కపిల్లను ఆ సాయంత్రమే పర్లాకిమిడిలోని మీ ఇంటికి తెచ్చి పిల్లలకు కానుకగా ఇవ్వాలనుకుంటున్నామని, అది సరైనదేనా అని అడిగారు. దయచేసి ఆ రోజున తేవద్దు. 8 వారాలు నిండేవరకు అది తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్యే పెరగాలి. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివారికి నొప్పి కలుగుతుందో అది నేర్చుకునేది అక్కడే. పైగా బరంపురం, గుణుపురం నుంచి చుట్టాలు దిగి, బయట బాణసంచా పేలుతున్న రాత్రి, తల్లిని విడిచి వచ్చిన ఆ పసిప్రాణం మంచం కింద దూరి వణుకుతుంది. పండుగనాడు పిల్లలకు మెడపట్టీ, తిండిగిన్నె ఇచ్చి, పేరు ఆలోచించమనండి. జనవరి 7కు 8 వారాలు నిండుతాయి కాబట్టి అప్పటినుంచి తేవచ్చు, సంక్రాంతి హడావుడి తగ్గాక తెచ్చుకోవడం ఇంకా మేలు.

తెచ్చేటప్పుడు తల్లి పడుకున్న గుడ్డముక్క ఒకటి అడిగి తీసుకుని, గోనెసంచి మీద పరిచిన దుప్పటిలో పెట్టండి. ఆ వాసనకు రాత్రి ఏడుపు చాలావరకు తగ్గుతుంది. అన్నిటికన్నా భయపడవలసింది కుక్కపిల్లలకు వాంతులు, రక్తవిరేచనాలు తెచ్చి ప్రాణం తీయగల పార్వో అనే వైరస్ వ్యాధికి. మొదటి టీకా 6–8 వారాల మధ్య వేయించి, ఆపైన 3–4 వారాలకొకసారి, 16 వారాల వయసు వచ్చేవరకు కొనసాగించాలి. అంతవరకు వీధికుక్కలు తిరిగే చోట నేల మీద దింపకండి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు. మిగిలిన ప్లమ్ కేకు మాత్రం అందనివ్వకండి, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీయగలదు.