సంఘంలో అందరి పనులకూ నేనే వెళ్లాలా? రాలేనంటే స్వార్థమా?

చెల్లీ, వందనాలు. నీ రాతను బట్టి నాకంటే బాగా చిన్నదానివని తెలుస్తోంది. అందుకే నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

నువ్వు అడిగింది ఇదీ: రాజోలు వైపు చిన్న క్రైస్తవ సంఘం మీది. నువ్వు ప్రైవేటు స్కూల్లో టీచరువి, పెళ్లి కాలేదు, ఇంట్లో షుగరున్న అమ్మ. సంఘంలో ఎవరు ఆస్పత్రిలో పడ్డా రాత్రి తోడు నువ్వే. సండే స్కూలు నువ్వే. ఎవరైనా పోయినప్పుడు వాళ్ళింట్లో పెట్టే ఆదరణ కూడికలో టీలు అందించేదీ నువ్వే. మొన్న జ్వరం వచ్చి ఒక రాత్రి రాలేనన్నావు. దానికో పెద్దాయన బైబిల్లో ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయం తీసి, "ఒకనినొకడు తనకంటె యోగ్యుడని యెంచుచు అని ఉంది కదమ్మా" అన్నారు. అప్పట్నుంచి రాలేనన్నది స్వార్థమేమోనని మథనపడుతున్నావు.

స్వార్థం కాదు. అయితే "ముందు నిన్ను నువ్వు చూసుకో, తర్వాతే ఎవరైనా" అని ఇక్కడ ఇంకొకరు రాసిన జవాబుతోనూ నేను ఏకీభవించను. అలా అనుకునేవాళ్ళతో సంఘం నిలబడదు. నా మాట వేరు. ఆపద వచ్చిన పూట లెక్కలు వేసుకోకుండా వెళ్ళిపోవాలి. నెలల తరబడి సాగే అవసరానికి మాత్రం లెక్క వేయాలి, వంతు పెట్టాలి. నీ సంఘంలో ఈ రెండూ కలిసిపోయాయి. ఏడాదంతా ఆపద అన్నట్టే నిన్ను పిలుస్తున్నారు.

మాది పాలకొల్లు దగ్గర పల్లె, బ్రదరెన్ సహవాసం. ఈ సహవాసాలు ఎలా మొదలయ్యాయో చెబితే ఈ బరువు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది. 1836లో ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని డెవన్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు భార్యలతో సహా మన దేశం వచ్చి, తర్వాత ఈ నరసాపురం, పాలకొల్లు వైపు పని మొదలుపెట్టారు. వాళ్ళకి జీతం పంపే మిషన్ సొసైటీ ఏదీ లేదు. ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్న రోజుల్లో అక్కడి కూలీల మధ్య సువార్త చెప్పారు. ఆ వరస ఇప్పటికీ చాలాచోట్ల అలాగే ఉంది. జీతం తీసుకునే పాస్టరు ఉండడు, పెద్దలు ఉంటారు, పని అందరిదీ. వినడానికి ఎంత బాగుంటుందో! కానీ పని అందరిదీ అన్నచోట, పిలిస్తే పలికేవాళ్ళదే అవుతుంది. వాళ్ళలోనూ పెళ్లికాని ఆడపిల్లలు, భర్త పోయినవాళ్ళు, భర్త గల్ఫులో ఉన్నవాళ్ళు ముందుంటారు. "నీకేముందమ్మా, ఒక్కదానివే కదా" అంటారు. నీ ఇంట్లో షుగరున్న అమ్మని మాత్రం ఎవరూ లెక్కలో వేయరు.

2022 జూలై వరద నీకు గుర్తుండే ఉంటుంది, మీవైపు ఇంకా ఎక్కువ చూశారు. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక దాటి, పాతిక లక్షల క్యూసెక్కుల పైన నీళ్ళు సముద్రంలోకి పోయాయి. మేము ప్రార్థన మందిరం వెనక రేకుల షెడ్డులో పొయ్యిలు పెట్టాం. ఎవరింటి బియ్యం, ఎవరింటి గ్యాసు బండ అని అడిగినవాళ్ళు లేరు. మా ఆయన బాడుగకి తిప్పుకునే ట్రాలీ ఆటో వారం పాటు సంఘం పని మీదే తిరిగింది. నది మధ్య లంక ఊళ్ళలో చిక్కుకున్నవాళ్ళకని పులిహోర పొట్లాలు కడుతుండగా, అక్కడే పుట్టి పెరిగిన ఒక అన్నయ్య వచ్చి, "ఆగండి, ముందు వాళ్ళకేం కావాలో ఫోన్ చేసి అడుగుదాం" అన్నాడు. అడిగితే అవతలి నుంచి వచ్చిన జవాబు: "అన్నం ఎలాగోలా వండుకుంటున్నామండి. గేదెలకి గడ్డి లేదు. మంచినీళ్ళు, కొవ్వొత్తులు పంపండి." గొడ్లని వదిలి వాళ్ళు రారు, వాటికి మేత లేకపోతే వాళ్ళ నోటికి ముద్ద ఎక్కదు. సగం పొట్లాలు గట్టు మీద ఉన్నవాళ్ళకి పంచేసి, పడవలో ఎండుగడ్డి మోపులు, వాటర్ టిన్నులు వేశారు. మన సంఘం వాళ్ళా, గుడికి వెళ్ళేవాళ్ళా అని ఎవరూ చూడలేదు.

ఇతరుల అవసరాన్ని ముందు పెట్టడం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ ఫోనే. మనం ఇవ్వాలనుకున్నది కాకుండా వాళ్ళకి కావలసింది ఇవ్వడానికి అడగాలి, విన్నాక మన ఏర్పాటు మార్చుకోవాలి. మన సంఘాల్లో త్యాగం గురించి ప్రసంగాలు బోలెడు, ఈ అడగడం గురించి ఒక్కటీ వినలేదు నేను.

ఇక నెలల తరబడి సాగేదాని సంగతి. మా సహవాసంలో ఒక పెద్దామె ఉండేది, మామ్మ అనేవాళ్ళం. వయసులో ఉన్నప్పుడు నరసాపురం లేసు అల్లి పిల్లల్ని పెంచింది. ఏజెంటు తెచ్చిచ్చిన దారం ఇంట్లో అల్లి పెట్టడమే, తెల్లారిందగ్గర్నుంచి చూపు ఆనేదాకా. కొడుకు ఎక్కడో హైదరాబాదులో వాచ్‌మన్, కూతురు కువైట్‌లో ఇంటిపని. తుంటి ఎముక విరిగి మామ్మ మంచాన పడింది. మొదట్లో అందరూ వచ్చారు, హార్లిక్స్ డబ్బాలు వరసగా పేరుకున్నాయి. తర్వాత సన్నగిల్లి, పక్కింట్లో ఉండే సంఘపు చెల్లెలు ఒక్కతి మీద పడింది. ఆ అమ్మాయి స్నానం చేయించడం, పక్కబట్టలు మార్చడం, అన్నం పెట్టడం అన్నీ చేసేది. కూడికలో పెద్దలు ఆమె పేరెత్తి మెచ్చుకునేవారు. మెచ్చుకున్న కొద్దీ మిగతావాళ్ళకి ఇంకా నిశ్చింత.

మా పెద్దల్లో ఒకాయన భార్య దీన్ని గమనించింది. మాలో స్త్రీలు పెద్ద కూడికలో మాట్లాడరు, నీకు తెలుసు కదా. అందుకని స్త్రీల కూడిక అయ్యాక చాప మీద కూర్చున్నవాళ్ళని లేవనివ్వకుండా, పాత క్యాలెండర్ కాగితం తిరగేసి బల్ల మీద పెట్టింది. "మామ్మ దగ్గర పొద్దున ఎవరు, రాత్రి ఎవరు, పేర్లు చెప్పండి" అంది. ఎవరూ పలకలేదు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, కాలువకి వంతులు పెడతారు చూడు, అలాంటిది ఇది. ఎగువ రైతు తన తూము మూస్తేనే శివారు చేలకి నీళ్ళందుతాయి. అది ఎగువవాడి మంచితనానికి వదిలేస్తే శివారు ఎండిపోతుంది కాబట్టే వంతులూ, చూసుకోవడానికి లస్కర్లూ. ఆవిడ లస్కరు పని చేసిందన్నమాట. ముందు తన పేరు రాసుకుని, తర్వాత ఒక్కొక్కరి ముఖం చూస్తూ పెన్ను పట్టుకుని కూర్చుంది. కాగితం నిండింది.

మగవాళ్ళ సంగతి ఆమె భర్తకి అప్పగించింది. "మాకు వంటలు రావండి" అన్నారట. అయితే మందులు తేవడం, కరెంటు బిల్లు కట్టడం, ఫిజియోథెరపీ అబ్బాయిని బండి మీద తీసుకొచ్చి దింపడం మీవి అన్నాడాయన. అవి చేశారు, బాగానే చేశారు. అడగనంతవరకే మనవాళ్ళకి చేతకాదు.

నాకు నచ్చింది ఇంకొకటి ఉంది. మామ్మకి కూడా వంతు వేశారు! సండే స్కూలు పిల్లలు శనివారం సాయంత్రం ఆమె మంచం దగ్గరికెళ్ళి కంఠత వాక్యాలు అప్పజెప్పాలి. తప్పు చెబితే మామ్మ క్రోషే సూది మంచం పట్టీ మీద టకటకా కొట్టేది. అంతకుముందు ఎవరొచ్చినా "మీకు బరువైపోయాను" అని ఏడ్చే మనిషి, శనివారం పిల్లలు ఆలస్యమైతే వాళ్ళ తల్లులకి కబురు పెట్టడం మొదలుపెట్టింది. ఎప్పుడూ తీసుకోవడమే అయితే మనిషి కుంగిపోతుంది. ఎప్పుడూ ఇవ్వడమే అయినా అంతే, కాకపోతే పైకి మహిమలా కనిపిస్తుంది.

ఆ కాగితం గురించి వినడానికి కొంచెం మోటుగా ఉంటుంది, ప్రేమకి పట్టిక ఏమిటని అడిగినవాళ్ళు మాలోనూ ఉన్నారు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చదవమను. యెరూషలేము సంఘంలో రోజూ పంచే దాంట్లో గ్రీకు మాట్లాడేవాళ్ళ విధవరాండ్రకి అందలేదని సణుగుడు వచ్చింది. అపొస్తలులు "సర్దుకోండి, ప్రేమించండి" అని ఊరుకోలేదు. అలాగని వాక్యం వదిలేసి తామే వడ్డించడానికీ పూనుకోలేదు. అది మాకు తగదని చెప్పి, ఏడుగురిని ఏర్పరచమన్నారు. పరిశుద్ధాత్మతో నిండిన సంఘానికే ఏర్పాటు అవసరమైంది, మన సంఘాలెంత!

ఇప్పుడు ఆ పెద్దాయన చూపిన ఫిలిప్పీ రెండో అధ్యాయానికి వద్దాం. అది అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘమంతటికీ రాసిన ఉత్తరం, జ్వరంలో ఉన్న ఒక్క పిల్లకి రాసింది కాదు. సొంత పనులతో పాటు ఇతరుల పనులూ చూడమని ఉందే కాని, సొంతవి గాలికి వదిలేయమని లేదు. అంతకంటే ముఖ్యం, ఆ అధ్యాయం అక్కడితో ఆగదు. చివర్లో ఎపఫ్రొదితు ఉన్నాడు. బంధకాల్లో, అంటే ఖైదులో, ఉన్న పౌలుకి సాయం చేయమని ఫిలిప్పీవాళ్ళు పంపిన మనిషి. ఆ సేవలోనే జబ్బుపడి చావుదాకా వెళ్ళాడు. పౌలు ఏం చేశాడు? తనకి ఆ మనిషి అవసరం ఉన్నా, ఇంటికి పంపించేశాడు. పైగా, సంతోషంగా చేర్చుకోండి, అలాంటివాళ్ళని ఘనపరచండి అని రాశాడు. అంటే పౌలు తన అవసరం కంటే జబ్బుపడి లేచిన పనివాడి అవసరం ముందు పెట్టాడు. మొదటి వచనాలు ఎలా బతకాలో అక్కడ చేసి చూపించాడు. ఆ రాత్రి నీకు జ్వరమని తెలియగానే సంఘం చేయాల్సింది అదే. నీ బదులు ఇంకొకర్ని పంపి, నీ ఇంటికి కాస్త జావ తీసుకురావడం.

దీన్ని ఆ పెద్దాయనతో వాదనగా పెట్టుకోకు. ఆయన చెడ్డవాడై ఉండడు, తోడుకి ఎవర్ని పంపాలో తోచక అలవాటైన నంబరు నొక్కి ఉంటాడు. మీ పెద్దల భార్యల్లో పని తెలిసిన ఒకావిడని పట్టుకో. "అక్కా, నెలలో నేను రెండు రాత్రులు వెళ్ళగలను, ఇవీ ఆ తేదీలు. మిగతావాటికి ఎవరుంటారో చూడాలి" అని ముందే చెప్పు. పిలిచినప్పుడు రాలేననడం కంటే పిలవకముందే ఇంత వస్తానని చెప్పడం నీకూ సులువు, వాళ్ళకీ సులువు. సండే స్కూలు నీకు ఇష్టమని రాశావు, అది ఉంచుకో. టీలు ఆ ఇంటివాళ్ళ చుట్టాలు అందిస్తారు, అందించకపోతే కొంచెం ఆలస్యంగా తాగుతారు, నష్టం లేదు. ఎవరైనా ఉన్నట్టుండి పోయారని కబురొస్తే మాత్రం తేదీలు చూడకు, వెళ్ళు.

కొందరు ముఖం ముడుచుకుంటారు, అది తప్పదు. మా దగ్గర ప్రేమ విందులో, అంటే సంఘమంతా కలిసి తినే భోజనంలో కూడా అలాగే జరిగింది. వండినవాళ్ళు ఆఖర్న తినాలి, అప్పటికి డేక్సా అడుగున కోడికూర పులుసు తప్ప ముక్క ఉండదు. ఇందాక చెప్పిన, క్యాలెండర్ కాగితం పెట్టినావిడే ఒకసారి వడ్డన మొదలవ్వకముందే కూర ఒక బేసిన్‌లో తీసి మూతపెట్టి "ఇది వండినోళ్ళది" అని పక్కన పెట్టింది. పంతిలో కూర్చున్న ఒకరిద్దరు గొణిగారు. కొరింథు సంఘంలో ముందొచ్చినవాళ్ళు తినేస్తుంటే వెనకొచ్చినవాళ్ళు ఆకలితో ఉండిపోయారని పౌలు తిట్టింది ఇలాంటి సంగతినే. ఇప్పుడు ఆ బేసిన్ పక్కన పెట్టకపోతే పిల్లలే అడుగుతున్నారు.

ఒకటి నువ్వు రాయలేదు, నాకు అనుమానంగా ఉంది. అమలాపురం ఆస్పత్రికి రాత్రిపూట వెళ్ళిరావడానికి ఆటో ఖర్చులు, అక్కడ టిఫిను ఎవరు పెట్టుకుంటున్నారు? ప్రైవేటు స్కూలు జీతంలోంచి నువ్వే అయితే, అది సంఘం కానుకల్లోంచి రావాలని, తేదీలు చెప్పే మీ పెద్దావిడతో అదే రోజు చెప్పు. మాలో రోగుల ఖర్చుకి వేరే కవరు ఉంది, పెద్దల్లో ఇద్దరు సంతకం పెట్టి తీసిస్తారు. మీవాళ్ళకి ఎలా పెట్టుకోవాలో కావాలంటే ఇక్కడే అడుగు, మేము పుస్తకంలో ఎలా రాస్తున్నామో పెడతాను.