లిటిల్ లీగ్‌లో పిచింగ్: ఎన్ని బంతులు, ఎన్ని రోజుల విశ్రాంతి

"శనివారం మా వాడు 52 బంతులు వేశాడు. మంగళవారం మ్యాచ్‌లో మళ్ళీ వేయొచ్చా?" అమెరికా వచ్చాక పిల్లవాణ్ణి మొదటిసారి లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ లీగ్‌లో చేర్చిన తల్లిదండ్రులకు వచ్చే సందేహమే ఇది. పిల్లవాడికి పదకొండేళ్ళనుకుంటే, జవాబు అతను ఆఖరున ఎదుర్కొన్న బ్యాటర్ దగ్గర తేలుతుంది.

14 ఏళ్ళు, అంతకంటే చిన్నవాళ్ళకు లెక్క ఇలా ఉంటుంది. ఒక రోజులో 20 బంతుల వరకు వేస్తే విశ్రాంతి తప్పనిసరి కాదు. 21 నుంచి 35 వేస్తే ఒక రోజు, 36 నుంచి 50 అయితే రెండు, 51 నుంచి 65 అయితే మూడు, 66, ఆపైన అయితే నాలుగు రోజులు. గంటలు లెక్కపెట్టరు, క్యాలెండర్ రోజులే. మ్యాచ్ ఆడిన రోజు అందులోకి రాదు. అంటే 52కి ఆది, సోమ, మంగళ పోతాయి, బుధవారం వేయొచ్చు. అయితే 50వ బంతి ఒక బ్యాటర్ మధ్యలో పడి, ఆ బ్యాటర్ సంగతి తేలేవరకు మాత్రమే 52 దాకా వేసి, తర్వాతి బ్యాటర్‌కు ఒక్క బంతీ వేయకుండా దిగిపోతే 50 లెక్కే వర్తిస్తుంది. అప్పుడు రెండు రోజులు చాలు, మంగళవారం సిద్ధం. మంచి కోచ్‌లు 35, 50 దగ్గర పిచర్‌ను (బంతి వేసేవాణ్ణి) మార్చడం వెనుక ఉన్నది ఈ లెక్కే. మీ వాడు బాగా వేస్తుండగా తీసేశారని నొచ్చుకోకండి.

రోజుకు గరిష్ఠ పరిమితి వేరే: 7-8 ఏళ్ళకు 50, 9-10కి 75, 11-12కి 85, 13 నుంచి 16 వరకు 95, 17-18కి 105. వయసు అంటే లీగ్ తన గడువు తేదీతో లెక్కకట్టే వయసు, పుట్టినరోజు ప్రకారం కాకపోవచ్చు. 15 ఏళ్ళు, ఆపైవాళ్ళకు విశ్రాంతి పట్టిక కూడా మారుతుంది. హైస్కూల్ జట్టుకైతే ఏ రాష్ట్రం నియమం ఆ రాష్ట్రానిదే, అది విడిగా అడగాలి.

క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకునేవాడు) విషయం చాలామందికి తెలియదు. 41 బంతులు వేసిన పిచర్ ఆ రోజు ఇక క్యాచర్‌గా నిలబడకూడదు. నాలుగు ఇన్నింగ్స్ (ప్రత్యర్థులు ముగ్గురు అవుటయ్యేదాకా ఒక ఇన్నింగ్స్) క్యాచర్‌గా చేసినవాడు ఆ రోజు పిచింగ్ చేయకూడదు. క్యాచర్ దాదాపు ప్రతి బంతినీ తిరిగి విసరాల్సిందే కదా, అందుకని. చురుకైన పిల్లవాడిని కోచ్‌లు ఈ రెండు చోట్లా వాడాలని చూస్తారు, కాబట్టి గమనిస్తూ ఉండండి.

ఇక అసలు చిక్కు, లెక్కలోకి రానివాటితో. ఫౌల్ అయిన, అంటే గీత బయటికి కొట్టిన బంతి లెక్కలో ఉంటుంది. కానీ వార్మప్, ప్రాక్టీస్, సాయంత్రం పెరట్లో నాన్నతో వేసిన 40 బంతులు లెక్కలో ఉండవు. ట్రావెల్ జట్టుకు (లీగ్ బయట ఊరూరా టోర్నమెంట్లు ఆడే జట్టుకు) వేసినవి లిటిల్ లీగ్ పుస్తకంలోకి ఎక్కవు. పైగా కొన్ని ట్రావెల్ టోర్నమెంట్లు బంతులు కాదు, ఇన్నింగ్స్ లెక్కపెడతాయి. ఒక ఇన్నింగ్స్ తొమ్మిది బంతుల్లో ముగియొచ్చు, 35 దాకా సాగొచ్చు. లిటిల్ లీగ్ ఇన్నింగ్స్ పద్ధతి వదిలి 2007లో బంతుల లెక్కకు మారింది ఈ తేడా వల్లే. శుక్రవారం ఒక కోచ్‌కి, ఆదివారం ఇంకో కోచ్‌కి వేస్తే ఎవరి నియమం వాళ్ళు పాటించినట్టే ఉంటుంది, భుజం మాత్రం ఒక్కటే. అన్నీ కలిపి చూడగలిగేది ఇంట్లోవాళ్ళే.

ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో వారాంతంలో క్రికెట్ కూడా ఆడించే ఇళ్ళలో ఈ జాగ్రత్త రెండింతలు కావాలి. 85 బంతులంటే 14 ఓవర్లే కదా అనిపిస్తుంది. కానీ పిచింగ్‌లో మోచేయి వంగి, ఒక్క ఊపుతో చాచుకుంటుంది, ఆ లాగుడంతా లోపలివైపు ఎముక మీద పడుతుంది. శనివారం పిచింగ్ చేసినవాడితో ఆదివారం ఫాస్ట్ బౌలింగ్ చేయిస్తే విశ్రాంతి ఇచ్చినట్టు కాదు.

ఫోన్‌లో ఒక నోట్ పెట్టుకోండి: తేదీ, జట్టు, బంతులు, క్యాచర్‌గా ఎన్ని ఇన్నింగ్స్, చెయ్యి ఎలా ఉందన్నాడు. అంతే. చేతిలో నొక్కే చిన్న కౌంటర్ కొనుక్కుంటే ఇంకా మంచిది. యాప్‌లో కనిపించే సంఖ్య ఒక్కోసారి తప్పుతుంది, ఇన్నింగ్స్ అయ్యాక లీగ్ తరఫున లెక్క రాసేవారిని అడిగి సరిచూసుకోండి. కోచ్‌కి చెప్పడానికి మొహమాటపడొద్దు. ఆయన కూడా చాలావరకు మీలాంటి తండ్రే, జీతం లేకుండా చేస్తున్నాడు. "మా వాడు నిన్న ఇంకో జట్టుకు 44 వేశాడు, ఈరోజు, రేపు పిచింగ్ వద్దు" అని మ్యాచ్‌కి ముందే మెసేజ్ పెడితే సంతోషిస్తాడు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఎదిగే పిల్లల్లో ఎముక చివర పెరిగే మృదులాస్థి పక్కనున్న లిగమెంట్ కంటే బలహీనం. పెద్దవాళ్ళకు లిగమెంట్ తెగేచోట పిల్లలకు ఆ మృదులాస్థి వాస్తుంది, ఒక్కోసారి విడిపోతుంది. అలబామాలోని అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ వారు 2006లో ఆపరేషన్ అయిన టీనేజ్ పిచర్లను బాగున్నవారితో పోల్చి చూశారు. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి పిచింగ్ చేసినవాళ్ళకు ముప్పు అయిదింతలు తేలింది. చెయ్యి అలిసినా తరచూ వేస్తూ పోయినవాళ్ళకు 36 రెట్లు. అందుకే పరిమితి ఇంకా ఉందని ఆగకండి. బంతులు వరసగా ఎత్తుగా పోతున్నా, మోచేయి కిందికి జారుతున్నా, బంతికీ బంతికీ మధ్య చెయ్యి విదిలిస్తున్నా 30 దగ్గరైనా దింపేయాలి.

మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో తెచ్చిన పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం 9-12 ఏళ్ళవాళ్ళు ఏడాదికి కనీసం నాలుగు నెలలు విసరడం మానాలి, అందులో రెండు మూడు నెలలు వరసగా. వేసవిలో ఇండియా ప్రయాణం ఇందుకు బాగా కలిసొస్తుంది. తిరిగొచ్చిన వారమే ఫాల్ సీజన్‌లో మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) ఎక్కించడమే తప్పు. మొదట దగ్గర నుంచి తేలికగా, రోజు మార్చి రోజు విసిరించి, దూరం మెల్లగా పెంచి, పూర్తి వేగం ఒక నెల తర్వాత చూసుకోండి.

మోచేయి లోపలివైపు గానీ భుజం పైన గానీ నొప్పి అంటే ఆ రోజుకి విసరడం ఆపించండి. ఐబుప్రోఫెన్ వేసి ఆడించొద్దు. మర్నాటికీ ఉంటే పిల్లల డాక్టర్ ద్వారా పిల్లల ఆర్థోపెడిక్ లేదా స్పోర్ట్స్ మెడిసిన్ వారి దగ్గరికి వెళ్ళండి. ఆరోగ్య బీమా హెచ్ఎంఓ ప్లాన్ అయితే సాధారణంగా ముందు రిఫరల్ (మీ డాక్టర్ ఇచ్చే సిఫారసు) కావాలి, దానికి రోజులు పట్టొచ్చు, వెంటనే అడగండి. రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీస్తే ఆశ్చర్యపోకండి, పెరిగే ఎముకలో తేడా పోల్చి చూస్తేనే తెలుస్తుంది. ఫోన్‌లోని ఆ నోట్ డాక్టర్‌కు చూపించండి, ఆయన అడిగే మొదటి రెండు మూడు ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంటుంది.