పిల్లల్లో ఇంకా ఎంత ఆట మిగిలి ఉందో చూడాలంటే

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బాస్కెట్‌బాల్ ట్రయల్స్‌కి వచ్చినవాళ్లలో ఎవరిని ఉంచుకోవాలో తేలడం లేదని రాశావు. ఆ 19 ఏళ్ల కుర్రాడి గురించైతే మరీ టెన్షన్ పడుతున్నావు. "ఇష్టంగా ఆడుతున్నాడు గానీ వయసు అయిపోయింది కదన్నా" అన్నావు. అతను బంతి పట్టి ఎన్నాళ్లయిందో మాత్రం రాయలేదు. నేనైతే ముందు అదే అడుగుతాను.

తొమ్మిదేళ్లుగా ఆడుతున్న ఒకడూ, రెండేళ్ల కింద మొదలుపెట్టిన ఇంకొకడూ ఇవాళ సమానంగా ఆడుతుంటే నేను రెండోవాడి పేరు రాసుకుంటాను. టిమ్ డంకన్ చిన్నప్పుడు ఈతగాడు. 1989లో హ్యూగో తుపాను వాళ్ల దీవిలోని పెద్ద ఈత కొలనును నాశనం చేశాకే బాస్కెట్‌బాల్ వైపు వచ్చాడు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1997లో మొదటి పేరు అతనిదే. జోయెల్ ఎంబీడ్ 15 ఏళ్లు వచ్చాక గానీ ఈ ఆట మొదలుపెట్టలేదు, 2014లో మూడో పేరుగా ఎంపికయ్యాడు. అందరూ అంతటివాళ్లవుతారని కాదు. ఆలస్యంగా వచ్చినవాడి ఆట ఇంకా పచ్చిగానే ఉంటుంది, దాన్ని చూసి ఇక ఇంతే అనుకోకు.

చిన్నపిల్లల విషయంలో పొరపాటు ఇంకో రకంగా జరుగుతుంది. ఆడపిల్లలు 12 ఏళ్లప్పుడు, మగపిల్లలు 14 ఏళ్లప్పుడు, కాస్త అటూ ఇటూగా, ఒక్కసారిగా చాలా వేగంగా ఎత్తు పెరుగుతారు. ముందు పెరిగినవాళ్లు తోటివాళ్ల మీద నుంచి బంతి వేసేసి గొప్పగా కనిపిస్తారు. స్కాటీ పిప్పెన్ హైస్కూల్ పూర్తి చేసేటప్పటికి ఆరడుగుల ఒక అంగుళం. కాలేజీకి వెళ్లాక మరో అర అడుగు పెరిగాడు. 1987 డ్రాఫ్ట్‌లో ఐదోవాడు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. 14 ఏళ్ల పిల్లాడొకడు బాగా ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి తడబడడం మొదలుపెట్టాడు. బుట్ట దగ్గరికి పరిగెత్తి వేసే సులువైన లే అప్‌లు పోయేవి, తన కాళ్లు తనకే అడ్డు పడేవి. శ్రద్ధ తగ్గిందనుకుని జట్టులోంచి తీసేశాను. నిజానికి ఆ నెలల్లో వాడి కాళ్లు పొడుగవుతున్నాయి, ఆ కొత్త ఒంటికి వాడింకా అలవాటు పడలేదు. రెండేళ్ల తర్వాత వేరే జట్టు తరఫున మా మీదే ఆడాడు, ఎంతో నిదానంగా, అందంగా. ఆ రోజు వాడి దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాను. అలాంటి పిల్లలు వస్తే ఆరు నెలలు ఓపిక పట్టు.

ఇక ఏం చూడాలో చెబుతాను. ఒక్క దిద్దుబాటు ఇవ్వు, ఒక్కటే. "పాస్ అందుకునే ముందే కాళ్లు సిద్ధం చేసుకో" అని చెప్పి పక్కకు తప్పుకో. పది నిమిషాల్లో ఎన్నిసార్లు ప్రయత్నించాడో చూడు. కుదిరిందా లేదా అన్నది తర్వాతి సంగతి. మొదటిరోజు కుదరకపోయినా ఫర్వాలేదు. వారం తర్వాత నువ్వు గుర్తు చేయకుండానే అదే పని చేస్తుంటే, ఆ పిల్లాడు ఇంటి దగ్గర ఒంటరిగా సాధన చేశాడన్నమాట. ఇంతకంటే నమ్మకమైన గుర్తు నాకింతవరకు దొరకలేదు. నువ్వు చెప్పగానే తలూపి, మళ్లీ పాత పద్ధతిలోనే బుట్టలో వేసి నీ వైపు చూసేవాడితోనే కష్టం, ఎంత బాగా ఆడినా సరే.

బంతి చేతిలో లేనప్పుడు కూడా చూస్తూ ఉండు. బంతి పోగొట్టుకున్న మరుక్షణం వెనక్కి పరిగెత్తుతున్నాడా, చేతులు వేలాడేసి నిలబడుతున్నాడా?

షాట్ విషయానికొస్తే, ఫ్రీ త్రో (ఫౌల్ జరిగాక ఎవరూ అడ్డుకోకుండా గీత దగ్గర నిలబడి వేసే షాట్) దగ్గర చేతిని గమనించు. దూరం నుంచి ఇంకా పడకపోయినా అక్కడ చెయ్యి మెత్తగా ఆడుతుంటే షాట్ తర్వాతైనా వస్తుంది. బ్రూక్ లోపెజ్ మొదటి 8 ఎన్‌బీఏ సీజన్లు కలిపి దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు 3 మాత్రమే బుట్టలో వేశాడు. 28 ఏళ్ల వయసులో మొదలుపెట్టిన తొమ్మిదో సీజన్‌లో 134 వేశాడు. అంతకుముందు ఏళ్లలోనూ ఫ్రీ త్రోలు దగ్గర దగ్గర 80 శాతం వేస్తూనే ఉన్నాడు.

ప్రత్యర్థిని దాటిపోవడానికి వేసే మొదటి అడుగు వేగం మాత్రం, నా అనుభవంలో, 20 దాటాక పెద్దగా మారదు. ఆ సంగతి నీ 19 ఏళ్ల కుర్రాడికి దాచకుండా చెప్పు. షాట్, డిఫెన్స్‌లో నిలబడే చోటు, ఎప్పుడు పాస్ ఇవ్వాలన్న ఆలోచన, ఇవన్నీ ఇంకా నేర్చుకోవచ్చని కూడా అదే నోటితో చెప్పు.

ఆ 19 ఏళ్ల కుర్రాణ్ని అప్పుడే పంపించెయ్యకు. రేపు ఒక్క దిద్దుబాటు ఇచ్చి, వచ్చే వారం మళ్లీ పిలువు. ఏం మారిందో నాకు రాయి.

నీ అన్నయ్య