దిగులు మనిషా, కుంగుబాటా?

సందేహం: మా చెల్లెలు చిన్నప్పటినుంచీ ప్రతిదానికీ టెన్షన్ పడుతుంది. ఈమధ్య డిప్రెషన్ అని డాక్టర్ మందులిచ్చారు. చుట్టాలేమో ‘అది మొదటినుంచీ దిగులు మనిషేగా’ అంటున్నారు. డిప్రెషన్‌ని ‘దిగులు’ అనొచ్చా, ‘కుంగుబాటు’ అనాలా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: కుంగుబాటు అనండమ్మా. పత్రికలు వాడి వాడి ఆ మాట నిలబడింది. దిగులుకీ బెంగకీ మామూలుగా ఒక కారణం కనిపిస్తుంది: అప్పు గురించి దిగులు, పిల్లాడి మీద బెంగ. కుంగుబాటుకి అలా చూపించడానికి ఏదో ఒకటి ఉండాలని లేదు. కనీసం రెండు వారాలపాటు మనసు కుంగిపోవడమో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో ఉండి, నిద్రా ఆకలీ తప్పడం లాంటివి తోడైతేనే వైద్యులు ఆ పేరు పెడతారు.

మాట నిర్మాణం కూడా చూడండి. ‘పడు’ నుంచి వచ్చిన ‘పాటు’ ఇక్కడ ‘బాటు’ అయింది. తడబాటు లాగా ఇది మనిషికి వచ్చిపడేది. స్వభావానికి మనం ‘తనం’ చేరుస్తాం: పిరికితనం, మొండితనం. ‘కుంగుబాటుతనం’ అని ఎవరూ అనరు. (తొందరపాటుని స్వభావంగానూ వాడతాం కాబట్టి దీన్ని తిరుగులేని సూత్రమనుకోకండి.)

అలాగని మీ చుట్టాల మాటని పూర్తిగా కొట్టిపారేయలేను. మనస్తత్వశాస్త్రంలో మనిషి గుణాలను ఐదు పెద్ద రకాలుగా చూసే పద్ధతి ఉంది. వాటిలో ఒకటి న్యూరోటిసిజం. ‘భావోద్వేగ అస్థిరత’ అంటే నోరు తిరగదు; మనవాళ్లనే ‘గాబరా మనిషి’ దానికి దగ్గర. ఈ గుణం ఎక్కువున్నవారికి కుంగుబాటు వచ్చే అవకాశం ఎక్కువని అధ్యయనాలు పదేపదే చెప్పాయి. అవకాశమే, ఖాయం కాదు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. అందులో ఇల్లు కుంగే ప్రమాదం ఎక్కువని మీ ఊరి మేస్త్రీలకు తెలుసు. అయినా ఆ నేలలోనే నిక్షేపంగా నిలబడ్డ ఇళ్లు ఎన్ని లేవు! పైగా కుంగుబాటులో ఉన్నప్పుడు పరీక్షిస్తే ఈ గాబరా గుణం ఎక్కువగా కనిపిస్తుంది, తేరుకున్నాక కొంత తగ్గుతుంది. జబ్బులో ఉండగా స్వభావాన్ని తూచకూడదు.

కాబట్టి ‘కుంగుబాటు మనిషి’ వద్దు. జ్వరం వచ్చింది అన్నట్టే ‘చెల్లెలికి కుంగుబాటు వచ్చింది’ అనండి.

ఇంకొకటి. బంగాళాఖాతంలో పుట్టే డిప్రెషన్ వాయుగుండం, ఆర్థికవేత్తల డిప్రెషన్ మాంద్యం. ఆ రెండోదాన్ని ఇటు తెచ్చి ‘మానసిక మాంద్యం’ అని రాసేవాళ్లున్నారు. చదివినవాళ్లు బుద్ధిమాంద్యం అనుకుంటారు.