ఆంప్ పెట్టాక ఇంజిన్ కూత వస్తోంది, కెపాసిటర్ వేయాలా?

కారులో నాలుగు ఛానెళ్ల ఆంప్ (యాంప్లిఫయర్), ముందు డోర్లలో కాంపోనెంట్ స్పీకర్లు, డిక్కీలో ఒక సబ్ వూఫర్ అన్నారు. మొత్తం 200 వాట్ల ఆర్ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవర్). ఇంజిన్ ఆన్ చేయగానే సన్నటి కూత మొదలవుతోంది, యాక్సిలరేటర్ తొక్కితే దాంతోపాటే పెరుగుతోంది. కెపాసిటర్ (కరెంటు కాసేపు నిల్వ ఉంచేది) వేయాలా, పెద్ద బ్యాటరీ కొనాలా అని అడిగారు.

రెండూ వద్దు. ముందు ఎర్త్, అంటే ఆంప్ నుంచి కారు బాడీకి బిగించే నెగెటివ్ వైరు, చూడండి.

సరిగ్గా ఇదే కూతతో నేను చాలా నెలలు వేగాను. ఆర్‌సీఏ కేబుళ్లు (హెడ్ యూనిట్, అంటే డాష్‌బోర్డులోని స్టీరియో నుంచి ఆంప్‌కి పాట తెచ్చేవి) రెండుసార్లు మార్చాను. ఎవరో చెప్తే నాయిస్ ఫిల్టర్ కూడా పెట్టాను. కూత కొంచెం తగ్గింది కానీ, పాటలో జీవం కూడా తగ్గింది. చివరికి ఒకరోజు డిక్కీ మ్యాట్ ఎత్తి ఎర్త్ బోల్టు విప్పి చూస్తే లగ్ (వైరు చివరి లోహపు కొస) కింద పెయింట్ చెక్కు చెదరలేదు! ఫిట్ చేసినతను గీకకుండానే బిగించేశాడు. కరెంటంతా ఆ బోల్టు మరల మీదుగానే పోతోందన్నమాట.

విప్పేముందే మీటరుతో కొలిచాను. నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్రది ఆంప్ ఎర్త్ టెర్మినల్ మీద. మీటరు వైర్లు డిక్కీ దాకా అందవు, పాత స్పీకర్ వైరు ముక్క కలిపి పొడిగించుకున్నాను. బేస్ ఎక్కువున్న పాట గట్టిగా పెడితే దెబ్బ పడినప్పుడల్లా 0.4 వోల్టులు చూపించింది. పెయింట్ గీకి, ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, స్టార్ వాషర్ వేసి బిగించాను. తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజు. మళ్లీ కొలిస్తే 0.1 కూడా దాటలేదు. కూత పోయింది, ఫిల్టర్ పీకి పారేశాను.

జరిగేది ఇది. ఆంప్ ఎర్త్ బలహీనంగా ఉంటే ఆంప్‌కీ హెడ్ యూనిట్‌కీ ఎర్త్ మట్టం వేరవుతుంది. ఆ తేడాని పూడ్చడానికి కొంత కరెంటు ఆర్‌సీఏ కేబుల్ షీల్డ్ మీదుగా పారుతుంది, ఆల్టర్నేటర్ అలజడిని కూడా మోసుకొచ్చి పాటలో కలుపుతుంది. మీది కూడా అదేనా అని తేల్చుకోవాలంటే, ఆంప్ ఆఫ్ చేసి ఆర్‌సీఏలు పీకేసి, ఇంజిన్ నడుస్తుండగా మళ్లీ ఆన్ చేయండి. కూత ఆగితే అది ఆర్‌సీఏ దారిలో వస్తున్నట్టే. ఆగకపోతే ఆంప్ పవర్ వైపు వెతకాలి. సీటు బెల్టు బోల్టుకి మాత్రం ఎర్త్ ఇవ్వకండి, అది ప్రాణాలు కాపాడే బోల్టు.

ఇక వైరు. 200 వాట్లకి క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్ దాదాపు 250 వాట్లు లాగుతుంది, 13.8 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లు. అదీ ఫుల్లుగా వాయిస్తేనే, మామూలు పాటలో సగటు చాలా తక్కువ. అసలు రాగి 8 గేజ్ వైరు 5 మీటర్లు వేస్తే పోయేది 0.2 వోల్టులే. ఇంత చిన్న సిస్టమ్‌కి కెపాసిటర్ పనేముంటుంది? అది కరెంటు పుట్టించదు కదా. అయితే కిట్లలో వచ్చే వైరు చాలాసార్లు రాగి పూత పూసిన అల్యూమినియం. చాకుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అదైతే ఒక సైజు లావుది వేసుకోండి.

ఫ్యూజు బ్యాటరీకి 18 అంగుళాల లోపే ఉండాలి. అది ఆంప్ కోసం కాదు, వైరు కోసం. దారిలో ఎక్కడైనా ఇన్సులేషన్ కోసుకుపోయి బాడీకి తగిలితే మంటలు రాకుండా ఆపేది అదొక్కటే. వైరు ఇంజిన్ గది నుంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ ఉందో లేదో వేలు పెట్టి చూడండి.

గెయిన్‌ని (ఆంప్ మీద సిగ్నల్ స్థాయి సరిచేసే నాబ్) చాలామంది వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేస్తారు. మీదీ అలా ఉంటే తగ్గించండి, హెడ్ యూనిట్ వాల్యూమ్ ముప్పావు వంతులో పెట్టి, పాట చిట్లే ముందు దాకా గెయిన్ పెంచి ఆపండి. కానీ అది తర్వాతి పని. ముందు ఎర్త్ దగ్గర మీటరు ఎంత చూపిస్తోందో చెప్పండి.