సర్వర్లు రెండయ్యాక యూజర్లు మధ్యలో లాగౌట్ అయిపోతుంటే

రెండు సర్వర్లు పెట్టి వాటి ముందు, వచ్చిన రిక్వెస్టులను వాటికి పంచే ఎన్‌జిన్‌ఎక్స్ ఉంచాక లాగిన్ అయినవాళ్లు మధ్యలో బయటికి వచ్చేస్తున్నారని, యూజర్ ఐపీ అడ్రసుని బట్టి సర్వర్‌ని ఎంచే ఐపీ హ్యాష్ పెట్టినా తగ్గలేదని మీరు రాశారు. ముందు ఆ ఐపీ హ్యాష్ తీసేయండి. ఈ జబ్బుకి అది మందు కాదు.

పలాసలో జీడిపప్పు వ్యాపారుల ఆర్డర్ల సైటు ఒకటి నేను చూస్తుంటాను. అక్కడా ఇదే తంతు. సైటుని నడిపే పీహెచ్‌పీ మామూలుగా సెషన్‌ని (ఎవరు లాగిన్ అయ్యారో గుర్తుపెట్టుకునే సమాచారాన్ని) ఆ సర్వర్ డిస్కు మీదే ఒక ఫైలుగా రాసుకుంటుంది. తర్వాతి రిక్వెస్ట్ రెండో సర్వర్‌కి పోతే అక్కడ ఆ ఫైలుండదు, మళ్లీ లాగిన్ పేజీ. ఐపీ హ్యాష్ ఒక మనిషిని ఎప్పుడూ ఒకే సర్వర్‌కి పంపుతుందనుకుంటాం గాని, ఐపీవీ4 (నాలుగు భాగాల అడ్రసు) అయితే అది చూసేది అడ్రసులో మొదటి 3 భాగాలనే. షాపులో వైఫై మీదున్నాయన గోడౌన్‌కి వెళ్లి మొబైల్ డేటాకి మారగానే అడ్రసు మారిపోతుంది. "మళ్లీ పాస్‌వర్డు అడుగుతందేటి బాబూ" అని ఫోను. ఇంకోపక్క ఒకే నెట్‌వర్క్ వాళ్లంతా దగ్గరదగ్గర అడ్రసుల్లోంచే వస్తారు కాబట్టి ఊరు ఊరంతా ఒక సర్వర్ మీద పడేది, రెండోది గోళ్లు గిల్లుకుంటూ కూర్చునేది.

సెషన్లను రెడిస్‌లో, అంటే రెండు సర్వర్లూ కలిసి వాడుకోగల, మెమరీలో డేటా దాచే ప్రోగ్రాంలో పెట్టండి. పీహెచ్‌పీకి రెడిస్ ఎక్స్‌టెన్షన్ వేసి, సేవ్ హ్యాండ్లర్ (సెషన్‌ని ఏ పద్ధతిలో దాచాలి), సేవ్ పాత్ (ఎక్కడ దాచాలి) సెట్టింగులు మారిస్తే చాలు, కోడ్ ముట్టుకోనక్కర్లేదు. రెడిస్‌ని మాత్రం బయటి ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకండి.

ఇక్కడో మెలిక ఉంది. ఫైలు సెషన్లకు లాక్ ఉంటుంది: ఒకే యూజర్ రెండు ట్యాబులు తెరిస్తే మొదటిది అయ్యేదాకా రెండోది ఆగుతుంది. రెడిస్ ఎక్స్‌టెన్షన్‌లో ఆ లాకింగ్ డిఫాల్ట్‌గా ఆఫ్. సైటు చురుగ్గా ఉందని సంబరపడేలోపే, కార్ట్‌లో వేసిన 320 గ్రేడు పప్పు మాయమైందంటారు. రెండు ట్యాబులూ ఒకేసారి రాస్తే చివరిగా రాసినదే నిలుస్తుంది మరి. అందుకే కార్ట్‌ని డేటాబేస్‌లోకి మార్చి, సెషన్‌లో యూజర్ ఐడీ లాంటివే ఉంచండి.

అప్పటికీ కొందరు లాగౌట్ అవుతుంటే సెషన్ గడువు చూడండి. పీహెచ్‌పీ డిఫాల్ట్ 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. మావాళ్లు ఆర్డరు సగం నింపి, సరుకు చూసొస్తామని వెళ్లి, టీ కూడా తాగి వస్తారు. 24 నిమిషాలు ఏ మూలకి! 4 గంటలు చేశాం, డబ్బు కట్టే పేజీలో మాత్రం మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతాం.

కీప్ అలైవ్ (పని లేకున్నా బ్రౌజర్ కనెక్షన్‌ని ఎంతసేపు తెరిచి ఉంచాలన్న సెట్టింగు) పెంచమని ఎవరో చెప్పారన్నారు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో అది డిఫాల్ట్‌గా 75 సెకన్లు, దాని జోలికి పోకండి. కనెక్షన్ తెగినా సెషన్ పోదు, బ్రౌజర్ అదే కుకీ (సెషన్ గుర్తింపు చీటీ) పట్టుకుని కొత్త కనెక్షన్‌తో వస్తుంది.

సేవ్ హ్యాండ్లర్ మార్చిన క్షణాన లోపలున్నవాళ్లంతా ఒకసారి లాగౌట్ అవుతారు, కాబట్టి ఆ పని రాత్రిపూట పెట్టుకోండి.